ఇరవై మూడో రాయి దగ్గర

అన్నయ్య పోయింది గురువారం నాడు. ఆ పూట ఆవిడ ఏడో తరగతిలో నదుల పాఠం చెబుతోంది. బోర్డు మీద పెద్ద నది గీసి, పక్కనుంచి వచ్చి కలిసే చిన్న నదిని సగం దాకా తెచ్చింది. అప్పుడే ఆఫీసు గుమాస్తా వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం అవతలే ఉండి కేకేసే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి బల్ల పక్కన నిలబడి, "టీచరుగారూ, మీ వదినగారి ఫోను. ఒకసారి రండి" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనంలోనే సంగతంతా ఉంది. అయినా ఆవిడ వెంటనే కదల్లేదు. చిన్న నదిని తీసుకెళ్ళి పెద్ద నదిలో కలిపి, సుద్దముక్క పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని అప్పుడు వెళ్ళింది. పట్టుమని పది సెకన్లు పట్టి ఉండదు. ఆ తర్వాత నాలుగు రోజులు ఏం జరిగిందో, ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏమన్నారో అన్నీ కలగాపులగంగా ఉన్నాయి గానీ, ఆ పది సెకన్లు మాత్రం గీత గీసినట్టు గుర్తున్నాయి. ఆ గీత పూర్తి చేయకపోతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. పూర్తి చేసినందుకూ ఏమీ కాలేదు.

ఇవాళ మూడో ఆదివారం. పది కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. ఇరవై మూడో కిలోమీటరు రాయి పక్కన, నీళ్ళు లేని తూము గట్టు మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచీ. సంచీలో రెండు నోటుపుస్తకాలు, ఒకటి తనది, ఒకటి అన్నయ్యది. వదిన దాన్ని పాత చీరముక్కలో చుట్టి ఇచ్చి పదిరోజులైంది, ముడి ఇంకా విప్పలేదు. విప్పడానికి ఇవాళ్టిని మించిన రోజు లేదనుకుంది. ఎందుకంటే ఈ రోజు, ఈ వేళ, ఈ రాయి, మూడూ అన్నయ్య పెట్టినవే. "మూడో ఆదివారం పదింటికి. టైముకి రా. నేను కండక్టర్ని, ఎవరి కోసం బండి ఆపను" అన్నాడు ఫోనులో. అది బుధవారం. "నువ్వెప్పుడు టైముకి వచ్చావు గనక" అంది తను. అవే ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు. ఆఖరి మాటలని తెలిస్తే ఇంకేమైనా అనేదేమో. తెలియదు గనక రోజూ అనేదే అంది. ఒక విధంగా అదే నయం.

పట్టాలు తీసేసి ముప్పై ఏళ్ళు దాటినా కట్ట అలాగే ఉంది, చుట్టూ ఉన్న పొలాల కంటే మనిషెత్తు పైన, తాడు పరిచినట్టు తిన్నగా. కంకర సగం గడ్డి కింద. అక్కడక్కడా నూనె మరకల నల్లదనం ఇప్పటికీ వదల్లేదు. ముప్పై ఏళ్ళ వానలకి కూడా. జంక్షన్లో సున్నా దగ్గర మొదలై కొండ కింద రాతి గనుల దగ్గర నలభై ఆరో రాయితో ఆగిపోయే ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు, రాయి మోయడానికి వేసింది. రాయి మోయగా మిగిలిన తీరికలో మనుషుల్ని మోసేది. అందుకే కాబోలు దానికి తొందరుండేది కాదు. చిన్న పట్టాలు, చిన్న ఇంజను, నాలుగు పెట్టెలు. ఒకసారి గార్డుగారు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి బండెక్కితే, ఆయన భార్య సైకిలు మీద వచ్చి, తర్వాతి స్టేషన్లో బండి కంటే ముందే చేరి, కళ్ళజోడు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడిందట. "ఇంకో మాటు మర్చిపోతే నడిచే వస్తాను, సైకిలు దండగ" అందట. ఆ సంగతి చెప్పి అన్నయ్య ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు, ఎదుటివాళ్ళు నవ్వే దాకా ఆగే ఓపిక లేక.

నాన్న కీమాను. అంటే పట్టాలని స్లీపర్లకి బిగించి ఉంచే ఇనప మేకుల్నీ చీలల్నీ రోజూ చూసుకుంటూ, వదులైనవాటిని కొట్టుకుంటూ నడిచే మనిషి. భుజాన పొడుగు కర్ర సుత్తి, నడుముకి రెండు జెండాలు, జేబులో రోజు నడక రాసుకునే బీటు పుస్తకం. పదిహేడో రాయి దగ్గరున్న తమ స్టేషను నుంచి ఈ ఇరవై మూడు దాకా నాన్నది. అటు ఇరవై తొమ్మిదో రాయి దగ్గరి స్టేషను నుంచి ఇక్కడి దాకా పొట్టిబాబాయిది. ఆయన చుట్టమేమీ కాదు, నాన్నకి భుజం దాకా వచ్చేవాడు గనక పొట్టి, రోజూ కనిపించేవాడు గనక బాబాయి. ఇద్దరూ రెండు వైపుల నుంచీ నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా ఈ తూము మీద కలుసుకుని, పుస్తకాలు మార్చుకునేవాళ్ళు. నాన్న పుస్తకం ఆయన జేబులోకి, ఆయన పుస్తకం నాన్న జేబులోకి. మర్నాడు మళ్ళీ ఎవరిది వాళ్ళకి. పైనుంచి తనిఖీకి వచ్చినవాడు అడిగితే అవతలివాడి పుస్తకం చూపించాలి. అది చేతిలో ఉందంటే నువ్వు ఇక్కడి దాకా నడిచినట్టే. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బడి లేని రోజుల్లో అన్నయ్యా తనూ క్యారేజీ పట్టుకుని నాన్న వెనకాలే వచ్చేవాళ్ళు. తను స్లీపర్లు లెక్కపెడుతూ అంకెలు నేర్చుకుంది. వెయ్యి తర్వాత వెయ్యిన్నొకటి వస్తుందని పలక మీద కాదు, పద్దెనిమిదో రాయి రాకముందే కాలి కింద నేర్చుకుంది. నాన్న ముందు టంగుమని సుత్తి దెబ్బ, ఒక్క క్షణం ఆగి, పట్టాలోంచి ఆ చప్పుడు దూరంగా పరిగెత్తి వెళ్ళిపోవడం. అన్నయ్య పట్టా మీద చెవి పెట్టి పడుకుని, "బాబాయి బయల్దేరాడు. దగ్గుతున్నాడు" అనేవాడు. నమ్మేది. పదేళ్ళొచ్చేదాకా నమ్మింది.

అలాంటివాడు బస్సు కండక్టరయ్యాడు. లైను పక్కనే తారురోడ్డు వేసి, గంటకో బస్సు పెట్టి, బండిలో జనం పలచబడుతున్న రోజుల్లో. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద విషయం. ఏడు నెలలు కొడుకుతో సూటిగా మాట్లాడలేదు, మధ్యలో తనని పెట్టి మాట్లాడేవాడు. "మీ అన్నయ్యని అడుగు, నీళ్ళు కాగాయేమో చూసుకోమను." పక్కనే నిలబడ్డ అన్నయ్య, "నాన్నతో చెప్పు చిట్టీ, కాగాయని" అనేవాడు. "రెండువైపులా టపా మోసినందుకు నాకూ జీతం ఇప్పించండి" అంది తను ఒకరోజు. అప్పుడు నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుతో మాటలు మళ్ళీ మొదలయ్యాయి. లైను మూసిన రోజున ఆఖరి బండికి దండా లేదు, బ్యాండూ లేదు. నాన్న మామూలుగానే పొద్దున్నే నడిచి వచ్చి, ఇక మీదట ఏ బండీ పరిగెత్తని పట్టా మీద వదులైన చీలల్ని మామూలుగానే కొట్టుకుంటూ వచ్చాడట. బాబాయి చెప్పాడు. "ఇవాళ కూడా ఎందుకయ్యా అన్నాను. వదులుగా ఉంది గదా అన్నాడు మీ నాన్న."

ఇప్పుడు అటు చూస్తే, కట్ట మీద ఎవరూ లేరు. ఎండలో గడ్డి ఊగుతోంది, ఎవరో వస్తున్నట్టే. వచ్చేది ఎవరో తెలిసీ, ఎవరూ రారని తెలిసీ, కళ్ళు అటే పోతాయి. గంటసేపు ఎదురుచూడాలనుకుంది. గంటెందుకో, అరగంటెందుకు కాదో ఆవిడకే తెలీదు.

ఈ పని అన్నయ్యే మొదలెట్టాడు, ఉద్యోగం దిగిపోయిన ఏడాది. "నా బస్సే గదా చంపింది, కనీసం శవాన్నైనా గుర్తుపట్టాలి" అన్నాడు. అంత పెద్ద మాట అనేసి, వెంటనే దాన్ని తేలిక చేయడానికి, "పైగా మీ వదిన ఇంట్లో కూర్చోనివ్వడం లేదు" అన్నాడు. రాయి రాయికీ నడవాలి. ఏం మిగిలిందో చూసి రాయాలి. తను సున్నా నుంచి, ఆయన నలభై ఆరు నుంచి, ఆదివారం ఆదివారం, ఇరవై మూడు దగ్గర కలవాలి, పుస్తకాలు మార్చుకోవాలి. తర్వాత రెండూ కలిపి తను ఒక్కచేత్తో సాఫు రాయాలి. ఊళ్ళో గ్రంథాలయం వాళ్ళు అట్ట వేయించి బీరువాలో పెడతామన్నారు. తను నడిచింది. జంక్షన్లో లైను మొదలైన చోట ఇప్పుడు సైకిళ్ళు పెట్టుకునే షెడ్డు. రెండో రాయి ఒక మంగలిషాపు ముందు, గడ్డం గీయించుకోడానికి వరసలో ఉన్నవాళ్ళు కూర్చునే చోటు. స్లీపర్లు గేటు గుంజలయ్యాయి, గుమ్మం దూలాలయ్యాయి. ఒకావిడ బట్టలారేసుకునే తీగకి అటొక పట్టాముక్క, ఇటొక పట్టాముక్క పాతుకుంది. "గాలివాన వచ్చినా కదలవమ్మా, మా ఆయన కంటే నయం" అంది. పదిహేడు దగ్గర తాము పుట్టి పెరిగిన క్వార్టరుకి పైకప్పు లేదు. గోడకి నాన్న సుత్తి తగిలించుకునే మేకు మాత్రం ఉంది. దాన్ని పీకి తెచ్చుకుందామని చెయ్యి వేసి, మళ్ళీ తీసేసుకుంది. ఉన్నచోటే ఉందని పుస్తకంలో రాసుకుంది. ఇరవై రెండో రాయి అయ్యేసరికి చలికాలం వెళ్ళింది. ఆ రోజే ఫోను చేసి, "నాది అయిపోయింది. నీ కోసం చూస్తున్నా" అంది. గెలిచినట్టు. చెప్పిన పని మొదటి గంటలోనే పూర్తి చేసి పలక బోర్లించి కూర్చునే పిల్లలా.

"అమ్మా, కొంచెం జరుగుతారా? మీరు కూర్చున్నచోటే నాకు గుర్తు పెట్టాలి."

ఎర్రరంగు డబ్బా, కుంచె, చంకలో కర్రమేకుల కట్టతో ఒకతను కట్ట ఎక్కి వచ్చాడు. కొత్తరోడ్డు కొలతల మనిషి. అతన్ని చలికాలంలో కూడా చూసింది, పందొమ్మిది దగ్గర.

"ఇటు పక్కన పెట్టుకోకూడదా?"

"నేను పెట్టేదైతే ఎక్కడైనా పెడతానండీ. కాగితంలో వాళ్ళు పెట్టేశారు. వాళ్ళకి మీరు కూర్చుంటారని తెలీదు."

ఆవిడ జరిగింది. అతను గట్టు మీద అడ్డంగా ఎర్రగీత గీసి, ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు.

"ఎవరి కోసమైనా చూస్తున్నారా?"

"మా అన్నయ్య కోసం." ఆలోచించేలోపే నోటినుంచి వచ్చేసింది.

"వస్తార్లెండి. అటువైపు దారి బాగోదు. ముళ్ళు. నెమ్మదిగా వస్తారు."

అవునంది. అతని మాటలో ఒక్క తప్పు కూడా లేదు. రోడ్డు పని ఎప్పుడు మొదలెడతారని అడిగింది, మాట మార్చడానికి.

"ఇటు ఇంకా నెల పడుతుంది. అటు మాత్రం రేపు కాదు, ఆ పై సోమవారం. ముప్పై రెండో రాయి దగ్గర మిషను దింపేశారు. అక్కణ్ణుంచి చదును చేసుకుంటూ ఇటు వస్తారు."

"మరి రాళ్ళు?"

"ఏ రాళ్ళు?"

"కిలోమీటరు రాళ్ళు."

"అవి రాళ్ళేగదమ్మా, కంకరలో కలిసిపోతాయి" అని, తను అన్నదాంట్లో ఏదో తగిలినట్టు ఆవిడ మొహం చూసి, "మీకు కావాలంటే ఒకటి పక్కన పెట్టమంటాను మా వాళ్ళని. ఇంటి ముందు బాగుంటుంది" అన్నాడు. అక్కర్లేదంది. అతను మేకుల కట్ట సర్దుకుని ఇరవై రెండు వైపు వెళ్ళిపోయాడు. ఎర్రరంగు వాసన కాసేపు ఉండిపోయింది.

పదీ పాతిక. చీరముక్క ముడి విప్పింది. వదిన వేసిన ముడి, గట్టిది, గోరు నొప్పెట్టింది. లోపల పొడుగాటి పుస్తకం, బస్సు డిపోలో వాడే రకం. అన్నయ్య చేతిరాత జీవితమంతా కుదుపుల్లో రాసిన రాత. కదలని చోట కూర్చుని రాసినా కుదిపినట్టే ఉండేది. నలభై ఆరు నుంచి మొదలు. చదువుతుంటే గొంతు వినిపిస్తోంది, అదొక్కటే భయపడింది, అదే అయింది. "45. రాయి ఉంది. ఎవరో దీని మీద కత్తులు నూరుకుంటున్నారు, నడుం సన్నబడింది, మా ఆవిడ చూస్తే కుళ్ళుకుంటుంది." "41. రాయి లేదు. ఊళ్ళో ఒకరింటి ముందు మెట్టుగా ఉందంటే వెళ్ళి చూశా. ఉంది. ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది. అడిగితే రాయి కూడా ఇచ్చేస్తానంది." "36. వంతెన స్తంభాలు మూడు. రెండు నిలబడ్డాయి, ఒకటి పడుకుంది." ఆవిడ నవ్వింది. ఒంటరిగా కట్ట మీద కూర్చుని, అన్నయ్య పోయిన పదిహేడో రోజున, పైకే నవ్వింది. నవ్వుతూనే పేజీ తిప్పింది. "32. రాయి ఉంది. సగం మట్టిలో. దీని మీద కూర్చున్నా. లేవడానికి ముప్పావుగంట పట్టింది. చిట్టికి చెప్పకూడదు."

కింద తేదీ వేసి మళ్ళీ, "32. ఇక్కడి దాకానే." ఇంకో తేదీ. "32." ఇంకొకటి. "32. ఇవాళ నీడలో కూర్చుని వెళ్దామనుకున్నా. నీడ నాకంటే ముందు లేచి వెళ్ళిపోయింది." ఇంకొకటి. చివరిది మాత్రం ఆదివారం కాదు, మంగళవారం. ఆరుసార్లు. ఆరోది ఆయన పోవడానికి రెండు రోజుల ముందు. పేజీ తిప్పితే 31, 30, 29 అని అంకెలు వేసి, ఒక్కోదాని కిందా నాలుగేసి గీతలు ఖాళీగా వదిలి ఉన్నాయి, 24 దాకా. కండక్టరు పొద్దున్నే స్టేజీల పేర్లన్నీ వరసగా రాసిపెట్టుకున్నట్టు. ఎక్కేవాళ్ళు ఎక్కాక నింపుకోవచ్చని.

ఫోనులో ఏమన్నాడు? "ఇరవై అయిదు దాకా వచ్చేశా. ఒక్క రాయే మిగిలింది." ఏ తడబాటూ లేదు ఆ గొంతులో. మూడో ఆదివారం ఏం చేద్దామనుకున్నాడు, రోడ్డు వైపు నుంచి ఆటోలో వచ్చి ఈ కట్ట ఎక్కి నిలబడదామనా, లేక ఈ గట్టు మీదే పక్కన కూర్చుని పుస్తకం చేతిలో పెట్టి ఊరుకుందామనా. రెండోదే అయ్యుంటుంది. ఫోనులో అబద్ధం ఆడాడు. పుస్తకంలో ఆడలేదు. గురువారం పొద్దున ఆయన మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయాడని వదిన చెప్పింది. "వారం మధ్యలో బూట్లెందుకో, నాకు అర్థం కాలేదమ్మాయ్" అంది. తనకీ కాలేదు అప్పుడు.

ఒకసారి నాన్నకి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతున్నా సుత్తి భుజాన వేసుకుని వెళ్ళాడు. ఇరవై ఒకటో రాయి దాకా పోయి, అక్కడ కూలబడ్డాడు. ఇటు తూము మీద బాబాయి చూశాడు, చూశాడు. వాళ్ళకొక పద్ధతుంది. అవతలివాడు రాకపోతే కాసేపు ఆగాలి. అప్పటికీ రాకపోతే వెనక్కి తిరగకూడదు. వాడి దారిలోకి నడుచుకుంటూ పోవాలి, వాడు కనిపించేదాకా. వాడికి ఏం జరిగిందో చూడాలి, వాడు చూడాల్సిన పట్టా కూడా చూసుకుంటూ పోవాలి. అలా బాబాయి నడిచి వచ్చి, నాన్నని పట్టుకుని, మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. మంచం మీద పడుకున్నాక నాన్న మొట్టమొదట అడిగింది బీటు పుస్తకం. కలిసింది ఇరవై ఒకటి దగ్గర అని రాశాడు. ఇరవై మూడు అని రాస్తే ఎవరికి తెలుస్తుంది, జీతం మీదికి వస్తుంది అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "నేను చూడని రాయి నా పుస్తకంలో ఎట్లా ఉంటుంది?" అన్నాడు నాన్న, అంత జ్వరంలోనూ నిదానంగా. బాబాయి అమ్మవైపు తిరిగి, "నిజాలు చెబుతున్నాడు వదినా, జబ్బు బాగా ముదిరింది. త్వరగా డాక్టర్ని పిలిపించు" అన్నాడు. ఆ కథ ఇంట్లో వందసార్లు చెప్పుకుని ఉంటారు. ఎప్పుడూ నాన్న నిజాయితీ గురించి చెప్పుకున్నారు. ఇవాళ ఈ గట్టు మీద కూర్చుంటే అది నాన్న కథ కాదు, బాబాయి కథ. వెనక్కి తిరగని మనిషి కథ.

చలికాలం వెళ్ళేసరికి తను ఇరవై రెండు దాకా వచ్చేసి ఏం చేసింది? ఇంటికి వెళ్ళింది. ఫోను చేసి వెక్కిరించింది. "ఏమయ్యా కండక్టరూ, ఇంకా ఏ స్టేజీలో ఉన్నావు?" అని. ప్రతి ఆదివారం సాయంత్రం అడిగింది. "టికెట్టు లేకుండా నడుస్తున్నావా, ఇంత ఆలస్యం?" ఆయన ప్రతిసారీ రెండు రాళ్ళు ముందుకి జరిపి చెప్పాడు, పాపం, తను చిన్నబోతుందని. ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు. ఏ ఆదివారమైనా ఇక్కడితో ఆగిపోకుండా ఇటు నుంచి ఇంకొంచెం నడిచి వెళ్ళి ఉంటే, ముప్పై రెండో రాయి మీద కూర్చుని లేవలేక నీడ కోసం చూస్తున్న మనిషి కనిపించేవాడు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, అలా తొమ్మిది రాళ్ళు. అంతే. పోనీ ఒకే రోజులో కాదు, మూడు ఆదివారాల్లో. మూడు ఆదివారాలు ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దింది. తప్పులకి ఎర్రసున్నాలు చుట్టింది.

ఫోను మోగింది. వదిన.

"అమ్మాయ్, అక్కడే ఉన్నావా? ఎండ పడుతోందా?"

"నీడ ఉంది వదినా." లేదు.

"పుస్తకం చూశావా?"

"చూశాను."

అవతల కాసేపు గిన్నెల చప్పుడు. తర్వాత, "పూర్తి కాలేదు కదూ" అంది వదిన. "నాకు తెలుసు. ఆయాసం వస్తోందని నాతో అన్నాడు. నీతో అనొద్దన్నాడు."

"నువ్వైనా చెప్పాల్సింది."

"చెబితే నువ్వు మాన్పించేస్తావు. మానేస్తే ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడతాడు." నవ్వబోయింది వదిన, నవ్వు సగంలో ఎటో పోయింది. ముక్కు చీదుకున్న చప్పుడు. "ఒక మాట చెబుతా, ఏమీ అనుకోకు. ఆ ఖాళీలు నువ్వే నింపెయ్యి. ఆ దారి నీకు కంఠతా వచ్చు. నీ రాతా ఆయన రాతా ఒకేలా ఉంటాయని అందరూ అంటారు. మొత్తం ఆయనే నడిచాడనిపించుకుందాం. ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికీ తెలియదు. చూస్తానులే అని పెట్టేసింది. కలం తీసింది కూడా. వదిన అన్నది నిజం, ఆ ఎనిమిది రాళ్ళూ ఆవిడకి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. గనుల ఊళ్ళో ఉపాధ్యాయ శిక్షణకి రెండేళ్ళపాటు పదిహేడు నుంచి నలభై ఆరు దాకా రోజూ ఈ బండిలోనే వెళ్ళొచ్చింది. ముప్పై ఒకటి దగ్గర సిగ్నలు స్తంభం, దాని తల మీద ఎప్పుడూ ఒకే కాకి, ఒకే కాకి కాకపోవచ్చు. ఇరవై తొమ్మిదిలో స్టేషను, కిటికీలోంచి చెయ్యి చాపితే బాబాయి వేయించిన గింజలు గుప్పెడు పోసేవాడు. ఇరవై ఏడు దగ్గర పట్టా గుర్రపునాడాలా వంగి చెరువు చుట్టూ తిరిగి ఇరవై అయిదుకి వచ్చేది. సెలవురోజున అన్నయ్య అటు ఒకసారి చెయ్యూపి, అడ్డంగా పరిగెత్తి ఇటొచ్చి, బండి మళ్ళీ వచ్చేసరికి ఇంకోసారి చెయ్యూపేవాడు, జేబురుమాలు తలకి చుట్టుకుని, వేరే మనిషిలా మొహం పెట్టి. పెట్టెలో వాళ్ళంతా నవ్వేవాళ్ళు. తను తల తిప్పుకునేది, వాడెవడో తెలియనట్టు. ఇరవై నాలుగు దగ్గర బండి ఎందుకో ప్రతిరోజూ ఒక నిట్టూర్పు విడిచేది. ఇవన్నీ నాలుగేసి గీతల్లో పట్టేస్తాయి. చక్కగా పడతాయి. "31" కింద కలం ములుకు ఆనించింది కూడా.

కానీ తనకి గుర్తున్నది పట్టాలున్నప్పటి దారి. ఈ పుస్తకం అడుగుతున్నది అది కాదు. సిగ్నలు స్తంభం ఇప్పుడుందా? స్టేషను గోడలున్నాయా, ఎవరైనా కాపురముంటున్నారా? ఆ రాయి ఎవరింటి మెట్టయింది? తెలియదు. తెలియని జవాబు పిల్లలు సొంతంగా అల్లి రాస్తే ఆవిడ సగం మార్కు కూడా వేయదు. ఆ మొండితనం నాన్నదా, బడిదా అని అన్నయ్య ఏడిపించేవాడు. ఆయనకి మాత్రం వేరే మొండితనముందా. ఆరుసార్లు ముప్పై రెండు అని రాసుకున్నాడు. ఆరుసార్లలో ఒక్కసారి ముప్పై ఒకటి అని రాయడం ఎంతసేపు? కలం మూత పెట్టింది. ఆ కాగితం మీద చిన్న నల్లచుక్క పడింది. అదలాగే ఉండిపోయింది.

పదకొండు. లేచింది. మోకాలు పట్టేసింది, గట్టు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆటో అతను రోడ్డు మీద కాచుకుని ఉన్నాడు, అతనికి ఫోను చేసి పన్నెండింటికి మళ్ళీ రమ్మంది. సంచీ భుజానికి తగిలించుకుని, వచ్చిన వైపు కాకుండా, అటు నడిచింది. తూము దాటాక కట్ట సన్నబడింది. గడ్డి మోకాళ్ళ దాకా. కాలి కింద కంకర జారుతోంది. ఇక్కడ స్లీపర్లు లేకపోయినా అడుగు వాటి దూరంలోనే పడుతోంది, పొట్టి అడుగు, పెద్దవాళ్ళకి కుదరనిది, చిన్నప్పుడు కుదిరినది. ముళ్ళకంప చీరకొంగు పట్టుకుంది, విడిపించుకుంది. మళ్ళీ పట్టుకుంది. అన్నయ్యే గనక ఉంటే, "అటెండెన్సు తీసుకోకుండా వదలదు చిట్టీ ఇది" అనేవాడు. అనేవాడని తనే అనుకుని, తనే కాస్త నవ్వుకుంది. తర్వాత చాలాసేపు నడక మాత్రమే ఉంది.

ఇరవై నాలుగో రాయి ఉంది. పక్కకి ఒరిగి, ఒక వైపు నాచు పట్టి, అంకెలో నాలుగు మాత్రమే కనిపిస్తూ. కొంగుతో తుడిస్తే రెండు కూడా బయటపడింది. అన్నయ్య పుస్తకం తీసి, 24 కింద, తన రాతలోనే, ఆయన రాతలా కుదపకుండా రాసింది. రాయి ఉంది. ఒరిగింది. చూసింది చెల్లెలు. తేదీ వేసింది. తల ఎత్తి ముందుకి చూస్తే కట్టకి అడ్డంగా కంప గోడలా అల్లుకుపోయి ఉంది, కొడవలి లేకుండా మనిషి దూరేది కాదు. రేపు బడి ఉంది. మిషను కదిలేలోపు ఉన్నది ఇంకొక్క ఆదివారం.

ముప్పై ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా ఏడు రాళ్ళు ఇంకా చూడలేదు.